రేవుకట్ట వైపు తిరిగి పిలవకండి

ఆ పాత చెక్కల రేవుకట్ట వైపు తిరిగి చీకట్లో ఎవరూ ఎవరినీ పిలవరు.

వలలు లాగేవాళ్ళు సైతం అక్కడ నోరు విప్పరట. చెయ్యి ఊపుతారు, ఈల వేస్తారు, మరీ అవసరమైతే దగ్గరికెళ్ళి భుజం తడతారు. "రా" అని మాత్రం అనరు. అంటే... వచ్చేస్తుందట.

ఎవరంటారా? ఒక పడవవాడి పెళ్ళాం. ఎప్పటి మాటో. "ఇక్కడే ఉండు, కదలకు, ఇప్పుడే వచ్చి తీసుకెళ్తా" అని ఆమెను కట్ట చివర నిలబెట్టి వాడు పడవెక్కాడు. అవతలి ఒడ్డున ఇంకో కాపురం పెట్టాడు, పిల్లల్ని కన్నాడు, హాయిగా ముసలివాడై మంచం మీద పోయాడు. ఈమె కదల్లేదు. ఒక తుఫానుకి కట్ట చివరి చెక్కలన్నీ కొట్టుకుపోయాయి. అప్పుడూ కదల్లేదు. చెప్పిన మాట వినే ఆడదానికి చచ్చాక కూడా సెలవు దొరకదు మరి.

ఇదంతా లాడ్జిలో వంట చేసే ముసలావిడ, రాత్రి భోజనాల దగ్గర ఒక ఫొటోగ్రాఫరుకీ అతని భార్యకీ చెప్పింది.

"వస్తే ఏం చేస్తుంది పిన్నిగారూ?" అని అడిగింది భార్య.

"చేసేదేముంది తల్లీ. పిలిచినవాడి వెంట ఇంటికి పోతుంది. ఆ ఒక్క మాట కోసమేగా నిలబడింది! ఎవడు పిలిస్తే ఏం?"

ఫొటోగ్రాఫరు విరగబడి నవ్వాడు. "దెయ్యమయ్యాక కూడా మొగుడి కోసం కాచుక్కూచోడమేనా? వేరే పనేం దొరకలేదా దానికి?"

వంటావిడ అతని కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సూర్యోదయం, సముద్రం, మధ్యలో మనిషన్నవాడు లేకపోవడం... అతను పేరు తెచ్చుకున్న విద్య అది. కెమెరా కంటికి నల్ల అద్దం బిగించి, నిమిషాల తరబడి తెరిచి ఉంచుతాడు. అలలన్నీ కలిసిపోయి పాలపొగలా మారతాయి. కదలని రాయి పడుతుంది, కదలని గుంజ పడుతుంది. కదిలేది ఏదీ పడదు.

ఆ ఖాళీ ఊరికే రాలేదు. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ అలలు తెచ్చి పడేసే సీసాలూ, తెగిన వల ముక్కలూ, ఒంటి చెప్పులూ ఏరేది భార్య. ఫొటో మధ్యలోంచే అటూ ఇటూ తిరుగుతూ ఏరాలి.

"ఆగకు. కదులుతూ ఉండు. ఆగావో, మరకై పడతావు" అనేవాడు అతను.

పెళ్ళయినప్పటినుంచీ అతను తీసిన ప్రతి సముద్రంలోనూ ఆమె ఉంది. ఒక్కదాంట్లోనూ కనపడదు.

ఈసారి లాడ్జిలోంచి బయల్దేరేటప్పుడు సిగ్గు విడిచి అడిగింది. "సముద్రం ముందు నన్నొక్క ఫొటో తియ్యండి. ఒక్కటి చాలు."

"మనుషుల్ని తియ్యడానికి వీధికో స్టూడియో ఉంది."

అంతే. ఆమె బూట్లు తొడుక్కుంది, అతను పారేసిన పసుపు వానకోటు వేసుకుంది, కెమెరా స్టాండు భుజాన పెట్టుకుంది.

తెల్లారగట్ల ఇద్దరూ రేవుకట్ట దగ్గరికి వెళ్ళారు. ఇంకా మసక చీకటి. దూరంగా ఇద్దరు వలవాళ్ళు తాడు లాగుతున్నారు... మాటా పలుకూ లేకుండా.

అతను స్టాండు నిలిపాడు. నల్ల అద్దం బిగించాడు. "ఊఁ, పద."

ఆమె నీళ్ళ అంచుకి వెళ్ళింది. ఒక సీసా. ఒక గుడ్డపీలిక. ఎందుకో మెడ వెనక చల్లగా తగిలింది... గాలి కాదు, గాలి లేదు. ఎవరో తనవైపే చూస్తున్నట్టు. చూడకూడదనుకుంటూనే తలెత్తి కట్ట చివరికి చూసింది —

ఏమీ లేదు. నీళ్ళలో నిలబడ్డ ఉత్త గుంజలు.

చెత్త చేతుల్లో పోగు చేసుకుని, చుట్టూ తిరిగి, భర్త వెనకాల ఉన్న సంచి దగ్గరికి వచ్చింది. అప్పుడే కెమెరా టక్కుమంది. తెర వెలిగింది. అతను వంగి చూశాడు.

చాలాసేపు వంగే ఉన్నాడు.

"...ఓహో!"

తల వెనక్కి తిప్పలేదు. కట్ట వైపు చూసి నవ్వాడు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు —

"నిలబడ్డావన్నమాట! ఎంత చెప్పినా వినకుండా! చాల్లే, రా! ఇంటికి పోదాం, రా!"

ఆమె చేతిలోంచి చెత్త జారిపోయింది.

దూరంగా వలవాళ్ళు తాడు వదిలేశారు. ఇటు చూసి... వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు.

"ఏమండీ..." ఆమె వెనకనుంచి అంది. "ఎవర్ని పిలుస్తున్నారు?"

అతను గిర్రున తిరిగాడు. "అరె! అప్పుడే వచ్చేశావే!"

తెర మీద పాలపొగలాంటి సముద్రం. నల్లటి కట్ట. కట్ట చివర ఒక ఆడమనిషి. తలమీదుగా శాలువా, ముఖం ఒడ్డువైపు. అన్ని నిమిషాల్లో వెంట్రుకవాసి కూడా కదలనట్టు... గీత గీసినంత స్పష్టంగా.

"శాలువా బాగుంది. ఎప్పుడు కొన్నావు?"

ఆమె తన పసుపు వానకోటు వంక చూసుకుంది. భర్త ముఖం చూసింది. వేళాకోళం కాదు. అతను నిజంగానే అడుగుతున్నాడు!

అది నేను కాదండీ — మాట నాలిక చివరి దాకా వచ్చింది.

"ఎంత బాగా వచ్చావో తెలుసా?" అన్నాడు అతను.

ఇన్నేళ్ళలో ఆ మాట వినడం అదే మొదటిసారి. నాలిక చివరున్న మాట వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎప్పుడో కొన్నాను" అంది.

ఆ అబద్ధానికి ఆమెను తిట్టాలనిపిస్తే తిట్టండి. గొంతెండిపోయిన మనిషి ఉప్పునీళ్ళకైనా దోసిలి పడుతుంది.

తమ ఊరు చేరేసరికి కారు వెనక సీటు తడిసి ఉంది. స్టాండు తుడవకుండా పెట్టావని ఆమెకే చీవాట్లు పడ్డాయి.

ఫొటోని గోడంత పెద్దది చేయించి ప్రదర్శనకి పెట్టాడు. జనం విరగబడ్డారు. ఆమె కూడా దగ్గరికి వెళ్ళి చూసింది. చిన్న తెర మీద తెలియలేదు గానీ, ఇప్పుడు తెలిసింది. ఆ మనిషి కాళ్ళ కింద కట్ట లేదు. చెక్క ముక్కైనా లేదు. ఉత్త నీళ్ళు. ఇసుకలో సిగరెట్టు పీక కనిపిస్తే ఆరు నెలలు ఏడ్చే కళ్ళు కదా అతనివి! ఫొటోలో ఉన్నది పెళ్ళామనుకున్నాక ఇక పరకాయించి చూడలేదు.

"ఎవరండీ ఈవిడ?" ఒక పెద్దమనిషి అడిగాడు.

"మా ఆవిడ" అని అతను గర్వంగా ఫొటో వైపు చెయ్యి చాపాడు. అడ్డంగా ఎవరో నిలబడి ఉన్నారు. చూడకుండానే అన్నాడు, "కాస్త జరుగు. వాళ్ళకి కనపడట్లేదు."

ఆమె జరిగింది. జరిగి, జరిగి, తలుపు దాకా వెళ్ళింది. ఆ సాయంత్రం బట్టలు సర్దుకుని, "అక్క దగ్గరికి పోతున్నా. మళ్ళీ రాను" అంది.

అతను కంప్యూటరు లోంచి తల తియ్యలేదు. "ఊఁ."

ప్రదర్శన ముగిశాక ఫొటో ఇంటికి చేరింది. హాల్లో, వంటగదికి ఎదురుగా తగిలించాడట.

కొన్నాళ్ళకి పక్కింటావిడ ఫోను చేసింది.

"ఏం వదినా, వచ్చేసినట్టు చెప్పనైనా చెప్పవా?"

"ఎక్కడికి?"

"బాగుంది, మీ ఇంటికే! వంటింట్లో లైటు, గిన్నెల చప్పుడు. ఎవరా అని కిటికీలోంచి పలకరిస్తే నువ్వేగా 'ఊఁ' అన్నావు? ఆ శాలువా ఏంటి, జ్వరమా?"

ఆమె అక్క పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"మెట్ల మీద... తడి ఉందా?"

"ఉందా ఏంటి, జారి పడబోయాను! తుడవవేం?"

ఆమె ఫోను పట్టుకుని అక్క పక్కనుంచి లేచింది. తర్వాత, గొంతు బాగా తగ్గించి —

"ఆయన... ఆయన ఏమీ అనట్లేదా? తేడాగా ఉందనైనా?"

"అనకేం! పొద్దున్నుంచీ ఒకటే కేకలు" అని పక్కింటావిడ నవ్వింది.

"టీ ఉప్పగా ఉంటోందట."