చీకటి కళ్ళజోడు

అనకాపల్లిలో పావని పనిచేసే చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో చివరి గదికి మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. కళ్ళు తిరిగే వాళ్ళని పరీక్ష చేసే గది అది. రోగిని మంచం మీద పడుకోబెట్టి, పెద్ద నల్ల కళ్ళజోడు బిగిస్తారు. పెట్టుకున్నవాళ్ళకి లోపల చిమ్మచీకటి. అందులో ఉన్న కెమెరాలు మాత్రం వాళ్ళ రెండు కళ్ళనీ కోడిగుడ్లంత చేసి కంప్యూటర్ తెర మీద చూపిస్తాయి. నోరు అబద్ధమాడినా కన్ను ఆడదని పావని నవ్వుతూ అనేది.

ఆ రోజు మంచం మీద ఉన్నది దేవీప్రసాద్. అక్క మొగుడు, వచ్చే వారం పావనికీ కాబోయే మొగుడు. అక్క ఇందు పోయి ఏడాదైంది. మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతూ కళ్ళు తిరిగి కింద వీధిలోకి పడిపోయిందని చెప్పింది బావే. ఊళ్ళో వాళ్ళందరికీ పరీక్షలు చేసే తాను సొంత అక్కని ఒక్కసారైనా ఈ మంచం ఎక్కించలేదే అని పావని ఏడాదంతా కుమిలిపోయింది. అక్క ఎడమ కంటి తెల్లగుడ్డులో ఆవగింజంత మచ్చ ఉండేది. దిష్టిచుక్క లోపలే పెట్టుకు పుట్టేవే అని ఏడిపించేది పావని.

తల్లిలేని పిల్లాడికి పిన్నే తల్లి కావాలన్నారు పెద్దలు. పావని తల వంచింది. అక్క ఉంగరాన్నే బావ తెచ్చి ఆమె వేలికి తొడిగాడు.

ఇప్పుడు ఆ బావకే కొన్నాళ్ళుగా తల తిరుగుతోందట. పెళ్ళి పీటల మీద తూలితే నలుగురూ నవ్వుతారని పావనే లాక్కొచ్చింది. డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు.

"సెవిలోకి వేడిగాలి వదుల్తాను. తల తిరుగుద్ది. కళ్ళు మూసీకు బావా, తెరిసే ఉంచు. మీ ఊరెళ్ళే బస్సు ఎక్కడెక్కడ ఆగుద్దో సెప్తా ఉండు."

అది ఆ పనిలో కిటుకు. బుర్రకి ఏదో ఒక పని అప్పజెప్పకపోతే, అది కళ్ళని కదలకుండా బిగబట్టేస్తుంది.

"తుమ్మపాల... వెంకన్నపాలెం... సోడవరం..."

తల తిరిగే మనిషి కళ్ళు పక్కకి జారి, చటుక్కున వెనక్కి ఎగరాలి. బావ కళ్ళు అలా చెయ్యలేదు. మెల్లగా పైకి వెళ్ళాయి. ఆగాయి. ఒక్కసారిగా కిందికి పడ్డాయి. మళ్ళీ పైకి... మళ్ళీ కిందికి...

మిషను పాడైందేమో అనుకుంది పావని. అప్పుడే వాసన తగిలింది. ఇంగువ, పచ్చిమిర్చి, రుబ్బిన మినప్పిండి... ఈ ఏసీ గదిలో.

"వడ్డాది..." అని ఆగిపోయాడు బావ.

ఎవరో నడుస్తుంటే చూస్తున్నట్టు, అతని కళ్ళు గోడ వారగా కదిలాయి. మెల్లగా... మెల్లగా వచ్చి, పావని వెనక ఆగాయి. ఆ చీకట్లో అతనికేమీ కనబడదు. కనబడకూడదు.

ఆమె మెడ మీద చల్లగా ఏదో తగిలింది. వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

"ఎవరున్నారు బావా?" గుసగుసే వచ్చింది.

"పిండి సేతుల్తో ముట్టుకోకే... సెల్లెల్ని కూడా సేసుకుంటానంటే ఒప్పుకుంటే పోయేది గదే ఇందూ... తోసీదాకా ఎందుకు తెచ్చేవు..."

పావని తెర మీంచి చూపు తిప్పి అతన్ని చూసింది. ఏడాదిగా ఏడ్చిన ఏడుపంతా ఈ మనిషి భుజం మీదే ఏడ్చింది. నమ్మించి గొంతు కోశాడు... అక్కదీ, తనదీ.

దేవీప్రసాద్ కళ్ళజోడు పీకి మంచం మీద పడేసి లేచాడు. పావని ముఖం చూశాక గానీ తానేం వాగాడో అతనికి తెలియలేదు. తూలుతూ తలుపు తోసుకుని పోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు... దిగడం లేదు. ఎక్కుతోంది.

ఖాళీ కళ్ళజోడు మంచం మీద ఉంది. దాని వైరు ఊడి వేలాడుతోంది. తెర నల్లగా ఉండాలి.

తెర మీద రెండు కళ్ళున్నాయి.

ఎడమ కంట్లో ఆవగింజంత మచ్చ. చూపు రవ్వంత కూడా అదరడం లేదు. కళ్ళు తిరిగే జబ్బు అక్కకి ఏనాడూ లేదు.

ఆ కళ్ళు మెల్లగా పైకి లేచాయి. ఆగాయి. ఒక్కసారిగా కిందికి పడ్డాయి.

వీధిలో ధబ్బుమని చప్పుడు. కేకలు.

"అక్కా..." అంది పావని. "నాకు తెల్దే... ఒట్టే, నాకు తెల్దే..."

ఆ కళ్ళు ఆమె వైపు మళ్ళాయి. ముఖం మీద నిలవలేదు. చేతి మీదికి దిగి, ఉంగరం దగ్గర ఆగిపోయాయి.

పావని ఉంగరం లాగబోయింది. రాలేదు. దాని కింద, వేలి మడతలో, ఏదో తడిగా తగిలింది...

వడియాల పిండి.