వాడరేవుకి ముగ్గురే

"మంగినపూడి," అన్నాడు మల్లేశ్వరరావు.

"వాడరేవు," అన్నాడు వాళ్ళ నాన్న చౌడయ్య.

బెజవాడ వన్‌టౌన్‌లో చౌడయ్యగారి బట్టల కొట్టు అరుగు మీద సాయంత్రం నుంచీ ఇదే తగవు. యుద్ధం ముగిసిన ఏడు అది. జపాను విమానాల భయంతో అన్నాళ్ళూ ఎవరూ సముద్రంవైపు సరదాగా వెళ్ళింది లేదు. ఈ కార్తీకంలో సముద్రస్నానం, వనభోజనం ఒకేరోజు కానిద్దామని వీధిలోని దేవాంగుల కుటుంబాలన్నీ అనుకున్నాయి. ఏ ఒడ్డుకన్నదే తేలలేదు. మంగినపూడి దగ్గరని కొడుకు. చీరాలలో బంధువులున్నారు కాబట్టి వాడరేవే మేలని తండ్రి.

అప్పుడే బడి నుంచి వచ్చిన ఛాయాదేవి మెట్లెక్కబోతోంది. కొట్టు పైవాటాలో పెద్దమ్మ మాణిక్యమ్మతో ఉంటుంది. ఆడపిల్లల బళ్ళో టీచరు.

"టీచరుగారూ, మీ వోటు ఎటు?" అన్నాడు మల్లేశ్వరరావు.

"నాకెటైనా ఒకటేనండీ."

"అలా అంటే కుదరదు. వోటెయ్యని వాళ్ళకి పులిహోర లేదు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అతనివంక ఒక్క క్షణం చూసి పైకి వెళ్ళిపోయింది.

"రంగూన్‌లో చదువుకున్న మనిషి కదా, మన మాటలు ఆనవు," అన్నాడతను తేలిగ్గా. ఆ చూపు మాత్రం అతన్ని వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే మాణిక్యమ్మ కొట్లోకి వచ్చి బల్ల మీద కూర్చుంది.

"దాని దగ్గర సముద్రం మాట ఎత్తకు నాయనా. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు మా మరిది పోయాడు. తల్లీకూతుళ్ళు ఎలాగో ఓడెక్కారు. ఓడ నిండా కలరా. మా చెల్లెలు దారిలోనే పోయింది. ఇది జ్వరంతో ఒళ్ళు తెలీకుండా పడుంటే, శవాన్ని సముద్రంలో వదిలేశారట. కళ్ళు తెరిచేసరికి పక్కన తల్లి లేదు."

కొలుస్తున్న గుడ్డ మల్లేశ్వరరావు చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం అరుగు మీద కొత్త మాట మాట్లాడాడు. "మబ్బు పట్టి ఉంది. పిల్లలతో సముద్రం ఎందుకు? కొండపల్లి వెళ్దాం."

"నిన్నటిదాకా మంగినపూడి అని ప్రాణం తీశావు కదరా," అన్నాడు చౌడయ్య. కానీ ఆకాశం నిజంగానే నల్లగా ఉంది. అందరూ సరేనన్నారు.

తెల్లవారి బడికి వెళ్తూ ఛాయాదేవి కొట్టు ముందు ఆగింది. సన్నగా తుంపర పడుతోంది. గొడుగు తెరిచి ఉన్నా, దాన్ని తలమీదికి ఎత్తుకోవడం మరిచిపోయింది.

"కొండపల్లి అన్నది మీరేనట."

"అవునండీ. పెద్దమ్మగారు చెప్పారు. మీకు కష్టంగా ఉంటుందని..."

"నన్నడిగారా?"

అతను చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టేశాడు.

"ఈసారి వెళ్దామని నాలో నేను ఎంత కూడగట్టుకున్నానో మీకు తెలుసా? అమ్మను ఎక్కడ వదిలారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఏ ఒడ్డయినా నాకు ఒకటే అన్నాను. నీళ్ళలో నిలబడి ఒక్కసారి పిలవాలనుకున్నాను. మీ జాలితో అదీ లేకుండా చేశారు."

వెళ్ళిపోతుంటే అతను అరుగు దిగి వానలోకి వచ్చాడు.

"తప్పయిపోయింది. మీరు వస్తానంటే, పెద్దమ్మగారితో సహా నేను తీసుకెళ్తాను. వాళ్ళంతా కొండపల్లి వెళ్ళనీండి."

ఆమె అప్పుడు గొడుగు తలమీదికి ఎత్తుకుంది. "వాడరేవుకి," అంది.

చౌడయ్య అంతా విన్నాడు. పెళ్ళికాని పిల్ల, పదిమందీ ఏమనుకుంటారో అన్న మాట నోటిదాకా వచ్చినట్టే ఉంది. మింగేశాడు. "రెండు గొడుగులు తీసుకెళ్ళు," అని మాత్రం అన్నాడు.

వీధంతా బుట్టలూ బిందెలతో కొండపల్లి బయల్దేరిన రోజు, ఆ ముగ్గురూ చీరాల రైలెక్కారు. స్టేషను నుంచి ఒంటెద్దు బండి. దారి పొడుగునా తాటిచెట్లు, ఇసుక, ముసురు.

సముద్రం బూడిద రంగులో ఉంది. పడవలన్నీ ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి ఆడమనిషి తలెత్తి, "లోపలికి పోబాకమ్మా, లాగేత్తది," అంది.

ఛాయాదేవి మోకాలి లోతు నీళ్ళలోకి నడిచింది. మల్లేశ్వరరావు వెనక ఇసుక మీదే నిలబడి మాణిక్యమ్మకి గొడుగు పట్టాడు. ఛాయాదేవి పిలవడం కనిపించింది గాని, అలల హోరులో వినిపించలేదు. మళ్ళీ పిలిచింది. తర్వాత ఊరికే నిలబడింది.

ఎంతసేపటికో వెనక్కి వచ్చింది. ముఖంలో రంగు లేదు.

"పిలిచాను. ఏడుపైనా వస్తుందనుకున్నాను, రాలేదు."

అతను రెండో గొడుగు తెరిచి ఆమె చేతికిచ్చాడు.

"ఏదో ఒకటి అనండి."

"ఏమనాలో తెలీడం లేదండీ. మీరు మళ్ళీ రావాలనుకుంటే నేను తీసుకొస్తాను. ఏటా."

"ఏటా అంటే?"

"బతికున్నన్నాళ్ళూ. జాలి కాదు. మీరు మొన్న గొడుగు పక్కకి పెట్టుకుని తడుస్తూ నన్ను తిట్టారే, అప్పుడు తెలిసింది నాకు. మీకు ఇష్టమైతేనే. ఇష్టం లేకపోయినా, సముద్రానికి తీసుకురావడం మాత్రం మానను."

ఆమె కొంగు పిండుకుంటూ బండివైపు నడిచింది. బండి దగ్గర కూర్చుని మాణిక్యమ్మ అన్నం ముద్దలు కలిపి ఇద్దరి చేతుల్లోనూ పెట్టింది. ఛాయాదేవి ఒక ముద్ద తిని ఆగిపోయింది. "ఓడలో అమ్మ తన వంతు కూడా నాకే పెట్టేది పెద్దమ్మా," అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. మాణిక్యమ్మ ఒడిలో తల పెట్టుకుని, ఇన్నేళ్ళదీ ఒక్కసారే అన్నట్టు ఏడ్చింది. మల్లేశ్వరరావు ఎద్దు పక్కకి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

తిరుగు రైల్లో, తెనాలి దాటాక, ఆమె తనంతట తానే మాట్లాడింది.

"మా అమ్మ పేరు రాజ్యలక్ష్మి. మగ్గం మీద కూర్చుంటే లేచేది కాదు. బాగా నవ్వేది." కొంచెం ఆగి, "మీకు చెప్పాలనిపించింది," అంది.

"ఇంకా చెప్పండి."

"అన్నీ ఇవాళే చెప్పేస్తే ఎలా? తర్వాత కూడా మనకి మాటలుండాలి కదా."

మాణిక్యమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ చెంప తడిగా ఉంది. కిటికీ లోంచి జల్లు పడుతూనే ఉంది మరి.

బెజవాడ ప్లాట్‌ఫారం మీద, కొండపల్లి నుంచి తొందరగా తిరిగొచ్చేసిన చౌడయ్య నిలబడి ఉన్నాడు. కొడుకువంక చూడలేదు.

"చూశావామ్మా సముద్రం?"

"చూశానండీ."

"తడిసిపోయావు. పద. మాణిక్యమ్మక్కయ్యగారూ, మీరూ రండి. మా ఇంట్లో వేడిగా అన్నం వండించి పెట్టాను."

"నాన్నా, నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు మల్లేశ్వరరావు.

"ముందు ఆ పిల్లని తిననివ్వరా," అన్నాడు చౌడయ్య. "వాళ్ళ పెద్దమ్మగారిని నేనే అడుగుతాలే."