గూడ్స్ షెడ్డు ఎనుక గోడ

నర్మదను నేను మొట్టమొదలు సూసినప్పుడు ఆమె చేతిల పేడముద్ద ఉండె. దాన్ని గోడకు కొట్టాల్నా, నా మొకానికి కొట్టాల్నా అని ఆలోచన జేత్తున్నది.

"ఎవలయ్యా నువ్వు? పొద్దు పొడిసినకాంచి గీ గోడను సూత్తున్నవ్. ఏమున్నది దీంట్ల?"

"గోడనే సూత్తున్న."

"గోడను ఎవలన్న సూత్తరా? గోడ అడ్డముంటే అవతలికి తొంగి సూత్తరు."

"అవతల ఏమున్నా నాకు అక్కర లేదు. నాకు గోడతోనే పని."

"పిడకలు ఎత్కపోను అచ్చినవా? నిజం జెప్పు."

"నీ పిడకల జోలికి నేనెందుకు వస్త? జర పక్కకు జరుగు. నీ నీడ వడి మరక కనవడ్తలేదు."

పేడముద్ద రానే వచ్చింది. గోడ దిక్కు పోలే. నా భుజానికి తాకింది.

అది మామిడిగూడ టేషన్ల గూడ్స్ షెడ్డు ఎనుక గోడ. నిజాం సర్కారు పోయి, రైళ్ళ మీద పేర్లు మారుత్తున్న కొత్తలు. బెల్లంపల్లి బొగ్గు బండ్లు గా టేషన్ల ఆగి, నీళ్ళు తాగి పోతుండె. షెడ్డు మొత్తం చెక్కదే. ముందట గోడకు ఎర్ర రంగు. ఎనుక గోడకు ఎండ మంచిగ తగుల్తది గనుక గోడ నిండ పిడకలు.

నా పేరు లింబాద్రి. నిర్మల్ బొమ్మలోళ్ళ పోరన్ని. పొనికి చెక్కతోని పిట్టలు, పండ్లు, ఏనుగులు జేసి రంగు ఏసుడు మా పని. మెరువాలె. మెరువకపోతే మా తాత వీపు పగులగొడుతుండె.

నన్ను ఈడికి తెచ్చింది రుస్తుం దొర. ఆయన రైల్వేల ఇంజనీరు, బొంబాయి దిక్కు పార్సీ మనిషి. పెండ్లి జేసుకోలే, రైలునే జేసుకున్నడు. బెల్లంపల్లి బంగ్లల ఒక అర్ర మొత్తం చిన్నచిన్న పట్టాలు ఏసి, ఇంగ్లండు సీమ నుంచి తెప్పించిన బొమ్మ రైలును తిప్పుతుండె. రైలున్నది గని టేషన్ లేదు.

"ఆగేటందుకు జాగ లేక తిరిగి తిరిగి పరేషాన్ అవుతున్నది, బిచారీ" అన్నడు దొర, గా రైలును జూసి. "మామిడిగూడ గూడ్స్ షెడ్డు మోడల్ చెయ్. మూరెడు చాలు."

నేను పానం వెట్టి జేసిన. ఎర్రటి ఎరుపు, నిగనిగ. చూరుకు బంగారు గీత. మూల మూలకు ఒక నెమలి.

దొర తలకాయ పట్టుకున్నడు.

"ఇది గూడ్స్ షెడ్డా, పెండ్లి పల్లకీయా? నెమలి ఎందుకు?"

"జాగ ఖాళీగ ఉండె సార్."

"ఖరాబ్ కరో బేటా! నాకు ముసలి గోడ కావాలె. వానల తడిసినట్టు, పొగల మాగినట్టు, పెచ్చులు ఊడినట్టు. పో, అసలు గోడను చూసి రా."

మంచిగ జేసుడు మా తాత కొట్టి కొట్టి నేర్పిండు. ఖరాబు జేసుడు ఎవలు నేర్పాలె? గందుకే గోడ ముందట కూసున్న. గందుకే పేడ తాకింది.

తిండి అంబదాస్ ఇంట్ల కుదిరింది. అంబదాస్ రైల్వే పేంటరు, షెడ్డు పక్కనే క్వార్టరు. పొద్దుగాల ఆయనను "కాకా" అని పిలిచిన. పేడ కొట్టిన పోరి ఆయన బిడ్డనే అని తెలిసినంక, మాపటికి "మామా" అన్న.

"పొద్దుగాల కాకా అంటివి గదరా?" అన్నడు అంబదాస్.

"పొద్దుగాల సరిగ కనవడలే మామా."

ఆయన పెండ్లాం గంగుబాయి కొంగు అడ్డం వెట్టుకొని నవ్వింది. ఆమె నా ఇంటిపేరు అడిగింది, మా మేనత్తలను అడిగింది, ఏ గల్లీల ఉంటరో అడిగింది. అన్నీ అడిగి, "మనోళ్ళేనయ్యా" అని మొగనితోని అన్నది. ఇంకో రొట్టె ఏసింది.

గోడ చదువు మాత్రం నర్మదనే చెప్పింది.

"గీ నల్లది ఏంది?"

"ఇంజను పొగ. డ్రైవరు గా మూలకే ఆపుతడు."

"గీ తెల్లది?"

"కాకి."

"గీ ఎర్ర చార?"

"మొల ఏడ్చింది. వానకాలం వస్తే మొలలు ఏడుత్తయి. గది గూడ తెల్వదా? ఏం బొమ్మలు జేత్తవయ్యా నువ్వు?"

నేను తుప్పు మొలలు పులిసిన గంజిల నానవెట్టిన. గా నీళ్ళు రాత్తే కొత్త చెక్క ముసలోని జుట్టు తీర్గ నెరిసింది. పొగకు దీపం మసి, తుప్పుకు ఇటుకపొడి. పెచ్చులూడుడు ఒక్కటే రాలే. గోటితోని గీకితే గీకినట్టే ఉంటాంది.

ఒకనాడు నర్మద సద్ది తెచ్చింది. గిన్నె అందుకుంటుంటే చెయ్యికి చెయ్యి తాకి, దొడ్డుప్పు పోయి తడి చెక్క మీద ఒలికింది. నేను ఆమె మొకం సూసుకుంటనే గా ఉప్పు మీద ఎర్ర రంగు ఏసిన. ఆరినంక తుడిస్తే ఉప్పు రాలింది. ఉప్పు ఉన్నకాడల్ల రంగు గూడ రాలింది. అచ్చం పెచ్చులు!

"సూసినవా? నా చెయ్యి తగిల్తే ఎంత కొత్తదైనా ఖరాబైతది" అన్నది నర్మద.

"నేను గూడ అయిన."

"నువ్వు వచ్చుడే ఖరాబుగ వచ్చినవ్. నా మీదికి ఎయ్యకు."

ఇంకోనాడు ఎండల నుంచి ఉన్నట్టుండి గాలివాన లేసింది. నర్మద గంప వట్టుకొని పిడకలు ఏరుతాంది. నేను వానల నిలవడి నోరు తెరుసుకొని గోడను సూత్తున్న, నీళ్ళు చెక్కల మీద ఎట్ల జారుతున్నయో అని.

"ఓ గోడ మనిషీ! ఒక చెయ్యి ఎయ్యరాదా?"

"ఆగు, మూడో చెక్క కాడ నీళ్ళు పక్కకు తిరుగుతున్నయి!"

"నీకు పిల్లనిచ్చేటోడు గూడ అట్లనే పక్కకు తిరుగుతడు" అనుకుంట వచ్చి, నా నెత్తి మీద గొంగడి ఏసింది. సగం. సగం తన మీద ఉన్నది. గా గొంగడి కింద నేను గోడను సూడలే. ఆమె గూడ పిడకలు ఏరలే. సగం పిడకలు పేడైపోయినయి.

గంగుబాయి ఊకుంటదా? అన్నం కాడ మొగన్ని కదిపింది. "పోరడు పనోడు. మన నర్మదకు అయితే?"

అంబదాస్ కంచం పక్కకు జరిపిండు. లేసి, నా మోడల్ సూసేటందుకు వచ్చిండు. సూసి నిప్పుల మీద నిలవడ్డట్టు ఎగిరిండు.

"నా రంగు గింత పెచ్చులూడ్తదా? నా గోడ గింత నల్లగుంటదా? నా పరువు తీస్తవారా?"

నేను వాగుల తానం జేసి వచ్చేసరికి, ఆయన నా మోడల్‌కు నున్నగ రంగు ఏసి పెట్టిండు. నేను మళ్ళ ముసలిగ జేసిన. నేను తినేటందుకు పోతే ఆయన మళ్ళ పడుసుగ జేసిండు. మూరెడు షెడ్డు ఎన్నిసార్లు పుట్టిందో, ఎన్నిసార్లు ముసలిదైందో.

ఆఖరుకు తేల్చి చెప్పిండు. "లోకంల అందరు పాతదాన్ని కొత్తగ జేత్తరు. నువ్వు కొత్తదాన్ని పాతగ జేత్తవ్. నీకు నా బిడ్డను ఇస్తే యాడాదిల ముసలిదాన్ని జేసి తోల్కొస్తవ్. ఇయ్య!"

నర్మద తలుపు ఎనుక ఉన్నది. నవ్వలే. గప్పుడు నాకు తెలిసింది, ఇది ఆట గాదని.

ఏమన్నగానీ, పని ముగియ్యాలె గద. ఆఖరుకు ఎనుక గోడ మీద పిడకలు పెట్టిన. కంది బద్దంత పిడకలు. ఒక్కొక్కదాని మీద సూదితోని ఐదు వేళ్ళ అచ్చు. వాటిని ఎవలకూ సూపెట్టలే. బెల్లంపల్లి పోయి దొర చేతుల పెట్టిన.

దొర భూతద్దం పెట్టి సూసుకుంట సూసుకుంట మురిసిండు. ఎనుక దిక్కు తిప్పిండు.

"ఈ గుండ్రటివి క్యా హై?"

"పిడకలు సార్" అన్న, గొప్పగ.

"రైల్వే గోడకా?"

నేను ఏం బయటవెట్టిన్నో గప్పుడు సమజైంది. దొర భూతద్దం దింపి, "ఎల్లుండి ట్రాలీ మీద వస్త, చూస్త" అన్నడు. గంతే.

నేను ఉరికి వచ్చి చెప్పిన. అంబదాస్ మొకం సున్నమైంది. సర్కారు గోడను పిడకల గోడ జేసిండ్రంటే కొలువు ఉంటదా, క్వార్టరు ఉంటదా? ఇంటిల్లిపాది గోడ గీకిండ్రు. నేను గూడ గీకిన. దాని మీద అంబదాస్ రంగు ఏసిండు. ఆయన జిందగీల గట్ల ఎన్నడు ఎయ్యలేదు. గోడల మొకం సూసుకొని తల దువ్వుకోవచ్చు, గంత మెరుపు. నా మొదటి మోడల్ తీర్గనే ఉన్నది. నెమలే తక్కువ.

దొర వచ్చిండు. తోసేటి ట్రాలీ, నల్ల ఛత్రి, ఒడిల నా మోడల్. గోడను సూసిండు. మోడల్‌ను సూసిండు. మళ్ళ గోడను సూసిండు.

"లింబాద్రీ. పిడకలు ఏవి?"

ఉండె అంటే అంబదాస్ కొలువు పోతది. లేవంటే నా పని పోతది. నర్మద నా దిక్కే సూత్తున్నది.

"లేవు సార్. నేనే కల్పించి పెట్టిన."

దొరకు కోపం రాలే. బాధయింది. గది ఇంకా కష్టం. "నెమలిని తీసెయ్ అన్న. నువ్వు పిడకలు పెట్టినవ్. రెండూ ఒకటే. నీ పని అయిపోయింది, నిర్మల్ పో." మోడల్‌ను అంబదాస్ చేతుల పెట్టిండు. "పేంటర్, దీనికి కూడ ఇదే రంగు వెయ్."

అంబదాస్ బ్రష్షు ముంచిండు. బ్రష్షు గోడకన్న పెద్దగున్నది. గప్పుడు గంగుబాయి మెడ సాపి మోడల్‌ను సూసింది.

"ఆగు ఆగు. గీ పిడకలన్ని మన నర్మదయే! ఐదు వేళ్ళు గట్టిగ అదుముతది పోరి. నాయి సాపుగ ఉంటయి. గోడ మీద సగం నాయి ఉండె గదరా! నాయి ఒక్కటన్న లేదేంది?"

అంబదాస్ పెండ్లాం దిక్కు సూసిండు. ఆమె నోరు మూసుకున్నది గని, మాట అప్పటికే బండెక్కి పోయింది.

దొర భూతద్దం నా మొకం మీద పెట్టిండు. "ఈమెవి ఎందుకు పెట్టలే?"

"కనవడలే సార్."

"గోడ నిండ ఉంటే కనబడలేదా?"

"ఒక్కలయే కనవడ్డయి సార్."

నర్మద చెవులు ఎర్రగైనయి, వాళ్ళ బాపు రంగు కన్న ఎక్కువ. "నాయి గంత మంచిగ కనవడ్డయా?" అన్నది, మెల్లగ.

"నడిమి వేలు జర వంకర గూడ."

అంబదాస్ బ్రష్షు కింద పెట్టిండు. మోడల్‌ను రెండు చేతులతోని పట్టుకున్నడు. "సార్, పిడకలు ఉండె. నేనే గీకించి రంగు ఏసిన. నా కొలువు తీస్తే తియ్యుండ్రి. పోరన్ని ఎల్లగొట్టకుండ్రి. నా కోసమే అబద్ధమాడిండు."

"కొలువు సంగతి ఎవరు అడిగిన్రు?" దొర ఛత్రి నేలకు కొట్టిండు. "నా గోడ ఏది? నా మంచి ముసలి గోడ! ఈ రంగు ఎవరు వెయ్యమన్నరు? సాయంత్రం వరకు నా గోడ నాకు కావాలె!"

ఇగ సూడుండ్రి తమాషా. ఊరి బర్లన్ని టేషన్‌కు వచ్చినయి. టేషన్ మాష్టరు టోపీ తీసి పేడ పిసికిండు. బొగ్గు బండి డ్రైవరును బతిమిలాడి గా మూలకు పొగ ఊదిపిచ్చిండ్రు. దొర మోడల్ ఒక చేత, భూతద్దం ఒక చేత పట్టుకొని అరుత్తుండు. "రెండో చెక్క! జర ఎడమకు! నర్మదా, నడిమి వేలు వంకర!"

గంగుబాయి నిలవడి పంచాయితీ వెట్టింది, తన పిడకలు గూడ మోడల్ మీద ఉండాల్సిందే అని. దొర సరే అన్నడు. నేను ఆడనే కూసొని సాపు పిడకలు జేసి అతికిచ్చిన.

అంబదాస్ నిచ్చెన ఎక్కి, పులిసిన గంజి చల్లుకుంట తన రంగును తనే ఖరాబు జేత్తుండు. మొదలు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. జరసేపటికి చెయ్యి కుదిరింది. "గీడ తుప్పు తక్కువైంది. ఇటుకపొడి ఇయ్యి. ఇంకింత ఇయ్యి" అనవట్టిండు. ఇంకా పైకి ఎక్కిండు. కింద నేను పట్టుకున్న నిచ్చెన ఊగింది.

"గట్టిగ పట్టుకో అల్లుడా!"

గా మాట ఇనంగనే నేను నిచ్చెన ఇడిసిపెట్టిన. నర్మద ఇన్నదా లేదా సూడాలె గద! ఇన్నది. పేడ చేతులతోనే మొకం మూసుకున్నది. నేను ఆమె దిక్కు, నిచ్చెన నేల దిక్కు పోయినం.

అంబదాస్ చూరు పట్టుకొని ఏలాడుతుండు.

"వచ్చే నెల పంచమి మంచిగున్నది గదా?" అన్నది గంగుబాయి.

"షాదీయా? బహుత్ అచ్ఛా!" దొర ఛత్రి ఎగిరేసిండు.

"దొరా, మీరు తప్పకుండ రావాలె. భోజనాలు టేషన్లనే..." అని గంగుబాయి అందుకున్నది.

"ఏయ్!" పైనుంచి అంబదాస్ మొత్తుకున్నడు. "ముందుగాల నిచ్చెన పెట్టుండ్రి! ముహూర్తం ఎనుక పెడుదురు!"