కరెంటు కుంగిన స్వరం

మారికుప్పం పాత క్లబ్బుకు పగటి అద్దె ఐదువందలు. రాత్రికయితే రెండువందలే. చీకటి పడితే ఆటోవాళ్ళు కూడా ఆ దారిన పోరు మరి. పక్కనున్న బంగారు గని మూసి పదేళ్ళు దాటినా క్లబ్బు లోపల బల్బుల వెలుగు ఇంకా ఉండుండి కుంగుతుందంట…

క్లెమెంట్ దగ్గర ఉన్నవి మూడువందల యాభై. అందులోనే పొద్దున బెంగళూరు రైలు ఖర్చు కూడా. రాత్రే గతి.

పాత ఇంగ్లిషు పాట ఒకదాంట్లోని వెచ్చని సింథ్ కీబోర్డు స్వరాన్ని అచ్చంగా దింపుకొస్తేనే అక్కడి స్టూడియోలో ఉద్యోగం. గనిలో పనిచేసే వాళ్ళ నాయన అమృతరాజు ఆ స్వరాన్ని ఈ క్లబ్బులోనే వాయించి క్యాసెట్‌లో పట్టాడు. ఆ నెలలోనే టిఫిన్ క్యారియర్ పట్టుకుని గనిలోకి దిగాడు. రాళ్ళు కూలాయి. శవం కూడా పైకి రాలేదు.

నాయన సింథ్‌మీద క్లెమెంట్ అన్నీ చేసి చూశాడు. రెండు స్వరాలను వెంట్రుకవాసి తేడాతో కలిపాడు, పదును తగ్గించాడు. ఒక్కటే రాలేదు — క్యాసెట్‌లో స్వరం మెల్లగా కిందికి జారి, మళ్ళీ నిలదొక్కుకుంటుంది. హాలు గోడల మహిమ అనుకున్నాడు.

ఆ మాట చెబితే క్లబ్బు వాచ్‌మన్ చిన్నవెంకటప్ప క్యాసెట్ విని నవ్వాడు.

"గోడలు కాదప్పా. గనిలో గంట మూడుసార్లు మోగితే మనుషులు లిఫ్టు ఎక్కినారని లెక్క. ఇంజను వాళ్ళను పైకి లాగేది, ఇక్కడ కరెంటు కుంగేది. మీ నాయన పెట్టె గూడా కుంగేది."

"ఇప్పుడా ఇంజను యాడుండాది?"

"తునకలు చేసి అమ్మేసినారు. ఇంగ ఆ స్వరం రాదులే. దుడ్డిచ్చినావు గదా, వాయించుకో. నేను గేటు బయటుంటా… నాకు పెండ్లాముండాది."

తలుపు గడియ వేసుకుని క్లెమెంట్ వాయించాడు. చేత్తో మీట తిప్పి స్వరాన్ని కుంగదీశాడు. దొంగ కుంగుడు. మళ్ళీ మళ్ళీ అదే. చివరికి మీట వదిలేసి, ఊరికే ఒక కీ నొక్కి పట్టుకున్నాడు.

దూరంగా… గంట.

ఒకటి. రెండు. మూడు.

బల్బు ఎర్రబారింది. వేలి కింద స్వరం మెల్లగా జారింది — అచ్చం క్యాసెట్‌లో లాగే. రెండో చేత్తో రికార్డు బొత్తాం నొక్కాడు. ఇంకాస్త పట్టుకుంటే చాలు, ఉద్యోగం చేతికొచ్చినట్టే.

బల్బు తేరుకుంది. అంటే… పైకి వచ్చేశారు.

వరండాలో బూట్ల చప్పుడు. ఒక్క మనిషివే. తలుపు అవతల ఎవరో టిఫిన్ క్యారియర్ నేలమీద పెట్టారు. నాయన రోజూ ఇంటి గుమ్మంలో అట్లానే పెట్టేవాడు, చిన్న క్లెమెంట్ పరిగెత్తుకొచ్చి అందుకుంటాడని.

"తలుపు తియ్యొద్దు, క్లెమెంటూ…" కిటికీలోంచి చిన్నవెంకటప్ప గొంతు, గుసగుసగా. "తియ్యొద్దప్పా…"

క్లెమెంట్ కీ మీదినుంచి వేలు తీశాడు. స్వరం సగంలో తెగింది.

లేచి పోయి, గడియమీద చెయ్యి వేశాడు.