పక్క గేటు

ఆదివారం పొద్దున్నే లేచి ఆవిడ చేసిన మొదటి పని, వీల్‌చెయిర్ టైర్లకి గాలి కొట్టడం. వరండాలో సైకిలు పంపు నేలకి అదిమిపట్టి బుస్సు బుస్సుమని కొట్టి, టైరు నొక్కి చూసి, రెండోదానికి కొట్టింది. అందులో కూర్చునే మనిషి పోయి ఏడాది కావస్తోంది. ఇక ఆ టైర్లలో గాలి ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఆ మాట ఆవిడతో అనే ధైర్యం మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆవిడ పెద్దోడికి పుట్టుకతోనే మెడ నిలవలేదు, మాట రాలేదు. పద్దెనిమిదేళ్ళు తల్లి చేతుల మీదే బతికాడు. అన్నం మెత్తగా మెదిపి, జల్లెడ పట్టి, చెంచాతో గొంతులోకి జారవిడిచేది. రాత్రుళ్ళు ఒళ్ళు పుళ్ళు పడకుండా లేచి పక్క మార్చేది. చివరికి ఊపిరితిత్తులకి పట్టిన జబ్బు వారం తిరక్కుండానే వాణ్ణి పట్టుకుపోయింది. అప్పటినుంచి ఆవిడ చేతులకి పని లేదు, కంటికి నిద్ర లేదు, ఇంట్లో ఇంకో బిడ్డ ఉందన్న ధ్యాస కూడా పెద్దగా లేదు.

వంటగదిలో ఆవిడ భర్త టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్లోకి తల దూర్చి కూర్చున్నాడు. అద్దాల దుకాణంలో గాజు పలకలు కోసే పని ఆయనది. పనిలో ఉన్నంతసేపూ నోరు విప్పని మనిషి, ఈ మధ్య ఇంటికొస్తే చాలు, వాగుడే వాగుడు. వచ్చే ఆదివారం కూతురు చిన్నికి పదమూడు నిండుతాయి. పార్కుకి తీసుకెళ్ళమని అది అడిగిన దగ్గర్నుంచీ ఆయనకి ఇదే లోకమైపోయింది.

"ఇదిగో, విన్నావా? లైను తప్పించే పాస్‌కి కొండమీది పార్కులో ఏ రైడ్ డబ్బు ఆ రైడ్‌కే కట్టాలట. టైము మనమే ఎంచుకోవచ్చు. ఆ టైముకి వెళ్ళామా, లైనూ గీనూ లేకుండా సరాసరి లోపలికే."

"ఊఁ," అంది ఆవిడ, పాలగిన్నె కడుగుతూ.

"నది పక్కదాంట్లో అలా కాదు. పొద్దున్నే చేతికి పట్టీ కట్టేస్తారు. ఇక సాయంత్రం దాకా మనదే రాజ్యం. కాకపోతే ఏ రైడైనా ఒక్కసారే. సెలవురోజుల్లో రేటు ఆకాశంలో ఉంటుంది."

"ఊఁ."

"మనం వెళ్ళే పాత పార్కులో కూడా పెట్టారట ఏదో. అంత మోసం ఇంకోటి లేదు. డబ్బు తీసుకుని ఫోన్లో మన పేరు లైన్లో ఉంచుతారు, మనం బయట తిరుగుతూ ఉండాలి. లైను ఎంతసేపుంటే అంతసేపూ ఆగాల్సిందే! ఇంకొంత కడితే సగంలో పిలుస్తారట. ఆగడానికి కూడా డబ్బులేంటి, చెప్పు! నన్నడిగితే ఆ పట్టీయే నయం..."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కడుగుతున్న గిన్నె తొట్టిలో విసిరికొట్టింది.

"మీకు వేరే ధ్యాస లేదా? బిడ్డ పోయిన ఇంట్లో పొద్దున్నే ఈ పార్కుల బేరాలేంటండీ? ఏడాదైనా తిరగనివ్వండి!"

"నా కోసమా? పిల్ల అడిగింది కదా అని..."

"అడిగితే? దానికి బుద్ధి లేకపోతే మీకైనా ఉండక్కర్లేదా?"

గుమ్మంలో చిన్ని నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో ఏమో, ముఖం మాడిపోయి ఉంది. లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కొండమీదిదీ వద్దు, నది పక్కదీ వద్దు నాన్నా. మన పాతదానికే వెళ్దాం. పాస్ కూడా వద్దు. లైన్లో నిలబడదాం."

"పిచ్చిదానా, సెలవురోజు అక్కడ లైనంటే గంటలు గంటలు!" అన్నాడాయన.

"నిలబడతాను."

ఆవిడ విసురుగా వెనక్కి తిరిగింది. ఎవరి మీద కోపమో, ఎవరి మీద చూపిస్తోందో ఆవిడకే తెలియని కోపం అది.

"ఏమన్నావూ? లైన్లో నిలబడతావా? ఎప్పుడైనా నిలబడ్డ మొహమేనా నీది? మీ అన్నయ్య పుణ్యమా అని పక్క గేటులోంచి మహారాణిలా వెళ్ళేదానివి. ఊళ్ళో పిల్లలందరూ ఒక్క రైడ్ కోసం ఎండలో మాడుతుంటే, నువ్వు ప్రతిదీ రెండేసి సార్లు ఎక్కేదానివి. ఒకసారి నాన్నతో, ఒకసారి నాతో. ఎవరికి దక్కిందే ఆ భోగం? వాడు లేకుండా అక్కడికి వెళ్ళాలని నీకెలా అనిపిస్తోంది?"

ఆవిడ చెప్పింది నిజమే. ఆ పార్కులో వీల్‌చెయిర్‌తో వచ్చినవాళ్ళకి పక్కన చిన్న గేటుంది. లైను కట్టక్కర్లేదు. రైడ్ ఎక్కలేని మనిషి దగ్గర ఒకళ్ళు ఉంటే మిగతావాళ్ళు ఎక్కి దిగాలి, ఆ తర్వాత వంతు మార్చుకుని కింద ఉన్నవాళ్ళు ఎక్కాలి. ఒక్కళ్ళే ఎక్కడం ఎందుకని పిల్లని రెండోసారీ వెంట పంపేవాళ్ళు. 'మా చిన్నికి అన్నీ డబలే' అని తల్లిదండ్రులిద్దరూ అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు.

చిన్ని బల్ల అంచు గోటితో గీకింది.

"రెండోసారి ఎక్కడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదమ్మా," అంది.

"ఏంటి?"

"కడుపులో తిప్పేది. దిగి బాత్రూంకి వెళ్ళి వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని. నువ్వు ఏడాది పొడుగునా అన్నయ్యని వదిలి కదిలేదానివి కాదు. ఆ రైడ్ ఎక్కినప్పుడే గట్టిగా నవ్వేదానివి. నేను రానంటే నువ్వు ఒక్కదానివే ఎక్కవు కదా. అందుకని నీకోసం ఎక్కేదాన్ని."

ఆయన ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు. పిల్లకి రెట్టింపు సరదా ఇస్తున్నామని పెద్దవాళ్ళు అనుకున్నారు. పెద్దవాళ్ళకి ఉన్న ఒకే ఒక్క సరదా పాడుచెయ్యకూడదని పిల్ల అనుకుంది. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కూడా ఇంకొకళ్ళని అడిగి చూడలేదు.

"మీరిద్దరూ ఒక్కసారి కూడా నా పక్కన కలిసి కూర్చోలేదు," అంది చిన్ని. "అన్నయ్య పోయాక ఒకరోజు అనిపించింది, ఇంక ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు కదా అని. అలా అనిపించాక నాకే భయమేసింది. అంటే వాడు పోవాలని నేను అనుకున్నట్టేనా అమ్మా?"

ఏ తల్లైనా అప్పుడు బిడ్డని దగ్గరకి తీసుకోవాలి. కాదని ఒక్క మాట చెప్పాలి. ఆవిడ చెప్పలేకపోయింది. ఆ ప్రశ్న తిన్నగా వెళ్ళి తనలో ఎక్కడో తగిలింది. చేతులు కూడా తుడుచుకోకుండా వరండాలోకి వెళ్ళిపోయి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వంటగదిలో చిన్ని ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఊరుకోమని ఆయన చేతకాని మాటలేవో చెబుతున్నాడు. తను లేచి వెళ్ళాలని తెలుసు, అయినా లేవలేదు.

వారమంతా ఇంట్లో ముక్తసరి మాటలే. చిన్ని పుస్తకం ముందేసుకుని కూర్చునేది, పేజీ తిరిగేది కాదు. అడిగిన ప్రశ్నకి జవాబు రాకపోతే పిల్లలు తమకి తోచిన జవాబే నిజమనుకుంటారు. అది ఆవిడకి తెలియక కాదు. రోజూ పిల్ల మంచం దాకా వెళ్ళేది, దుప్పటి సర్దేది, వెనక్కి వచ్చేసేది.

ఆదివారం ముగ్గురూ పాత పార్కుకే వెళ్ళారు. బస్సు దిగి, టిక్కెట్లు కొనుక్కుని లోపలికి నడిచారు. పెద్ద రోలర్ కోస్టర్ దగ్గరికి వెళ్దామని చిన్ని అంటే, సరేనని అటు తిరిగారు. ఎవరి ఆలోచనలో వాళ్ళున్నారు. కాళ్ళు మాత్రం వాటంతటవే, అలవాటు పడ్డ దారినే పోయాయి. తలెత్తి చూసేసరికి పక్క గేటు ముందు ఉన్నారు.

ఆ గేటు దగ్గర ఎప్పుడూ ఉండే ఆవిడే ఉంది, నీలం టోపీ పెట్టుకుని. చూడగానే ముఖం విప్పారింది.

"అమ్మయ్యో, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! మమ్మల్ని మర్చిపోయారేమో అనుకున్నా. చిన్నమ్మాయి ఎంత ఎదిగిపోయింది! మా పెద్దబాబు ఏడీ? వెనకాల వస్తున్నాడా?"

ఆయన టక్కున ఫోను తీసి అందులోకి చూడటం మొదలుపెట్టాడు. బజార్లో ఎవరడిగినా 'ఇంట్లో ఉన్నాడు' అని తప్పించుకునేది తల్లి. ఇప్పుడూ ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది.

"లేడమ్మా," అంది. "పోయాడు."

టోపీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు గబగబా తుడుచుకుంది. ఏం చెయ్యాలో తోచక, తన చేతిలో ఉన్న ఒక్క పనీ చేసింది. గేటు గొళ్ళెం తీసింది.

"రండమ్మా. ఇటే వెళ్ళండి. ఎవరడుగుతారో నేను చూస్తాను."

తల్లి పాదం ముందుకి పడింది. ఇంట్లో వాడి మంచం తీసేశారు, బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఇంకా వాడి పేరు మీద తెరుచుకునేది ఈ గేటొక్కటే. ఒక్కసారి, ఇంకొక్కసారి దాంట్లోంచి వెళ్తే తప్పేంటి అనిపించింది. చిన్ని చెయ్యి పట్టుకుందామని పక్కకి చూస్తే అక్కడ పిల్ల లేదు. అటు దూరంగా, ఇనుప కడ్డీల మధ్య మెలికలు తిరిగిన పెద్ద లైను చివర, అందరి వెనకాల ఒక్కతే వెళ్ళి నిలబడి ఉంది. వెనక్కి తిరిగి వీళ్ళవైపు చూడను కూడా చూడటం లేదు, వస్తారన్న ఆశ లేనట్టు.

"వద్దమ్మా. నీ మాటే చాలు," అని టోపీ ఆవిడ చెయ్యి నొక్కి, తల్లి లైను వైపు నడిచింది.

వెనకాలే ఆయన పరిగెత్తుకొచ్చాడు. "ఇప్పటికైనా పాస్ దొరుకుతుంది. ఒక్క నిమిషంలో తీసేస్తాను, ఈ ఎండలో..."

"వద్దండీ."

"గంటన్నర పడుతుందని బోర్డు పెట్టారు!"

"పడనివ్వండి. మీకెందుకంత భయం?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు కడ్డీ పట్టుకున్నాడు.

"గంటన్నర ముగ్గురం ఎదురెదురుగా నిలబడాలి," అన్నాడు మెల్లిగా. "ఏం మాట్లాడుకుంటాం? నాకు తెలియటం లేదు. డబ్బు పారేస్తే ఆ గంటన్నర తప్పుతుందని చూశాను. ఏ పార్కులో ఎక్కువ తప్పుతుందా అనే చూశాను."

చిన్ని తండ్రి వైపు చూసింది. పక్క వరసలోంచి పాస్ కొన్నవాళ్ళు నవ్వుకుంటూ, గలగలా మాట్లాడుకుంటూ వీళ్ళని దాటి పోతున్నారు. లైను నాలుగడుగులు కదిలి మళ్ళీ ఆగింది. ఎండ నెత్తిన మండుతోంది. ఆవిడ తన చున్నీ తీసి పిల్ల తలమీద కప్పింది, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"మొన్న నన్నొకటి అడిగావు," అంది, పిల్లకి మాత్రం వినపడేంత చిన్నగా. "నేను జవాబు చెప్పలేదు. ఎందుకో తెలుసా?"

చిన్ని తల అడ్డంగా ఊపింది.

"మీ అన్నయ్య పోయిన రోజు, వాడి చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. నాకు మొట్టమొదట ఏమనిపించిందో చెప్పనా? ఈ రాత్రి పడుకోవచ్చు అనిపించింది. కన్నతల్లిని. వాడికి ఊపిరి ఆడకపోతే నా ఊపిరి ఆగిపోయేది. అలాంటి నాకే అలా అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా. ఆ రాత్రి నుంచి ఒక్క రాత్రీ పడుకోలేదు."

"అమ్మా..."

"నేను వాడు పోవాలని కోరుకున్నానా చెప్పు. లేదు కదా? అలిసిపోయానంతే. నువ్వూ అంతేనే తల్లీ. నీకు అమ్మా నాన్నా కావాలనిపించింది. అందులో పాపం లేదు. నీది పాపమైతే నాకు నరకమే."

చిన్ని తల్లిని కావిలించుకుని, ముఖం ఆవిడ భుజంలో దాచుకుని ఏడ్చింది. ఏడవొద్దన్నట్టు వీపు నిమురుతున్న ఆవిడకీ కళ్ళు ఆగలేదు. ఇద్దరి మాటలూ ఆయన చెవిన పడ్డాయో లేదో, హఠాత్తుగా పక్కనుంచి పెద్ద ఎక్కిళ్ళు వినిపించాయి. ఆసుపత్రిలో ఏడవలేదు, మట్టి చేసినరోజు ఏడవలేదు, అంత మనిషీ పార్కు లైన్లో కడ్డీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ముందున్నవాళ్ళు తిరిగి చూశారు. వెనకున్న లావుపాటాయన కంగారుపడి, "సార్, భయమైతే ఎక్కకండి సార్, బలవంతమేం లేదు," అన్నాడు. ఆ మాటకి ఏడుపులోనే చిన్ని ఫక్కుమంది. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటూ, కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

తర్వాత ఏం మాట్లాడుకున్నారంటే, పెద్దోడి గురించే. మంచినీళ్ళు తాగించబోతే కావాలని తండ్రి మీదే ఉమ్మేవాడని చిన్ని చెప్పింది. వాడికి ఉరుములంటే ఇష్టమని ఆవిడ చెప్పింది. ఆయన ఒక్క ముక్క చెప్పబోయి, మధ్యలోనే ఆగిపోయాడు. ఫరవాలేదు నాన్నా, తర్వాత చెబుదువులే అంది పిల్ల. లైను కదిలినప్పుడల్లా ముగ్గురూ కలిసే కదిలారు.

పైన చెక్క మెట్లెక్కి వేదిక మీదకి చేరేసరికి బండి వచ్చి ఆగింది. సీట్లు చూపించే కుర్రాడు వీళ్ళవైపు తలెత్తకుండానే గబగబా అడిగాడు.

"ఎంతమందండీ?"

ఆయన భార్య వైపు చూశాడు. చిన్ని కూడా తల్లి వైపే చూసింది. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

"ముగ్గురం," అంది. "ఒకే వరసలో కూర్చోబెట్టు బాబూ. పిల్ల మధ్యలో."