రాతి చర్చిలో పలికిన పిల్ల

ఇథియోపియాలో, కొండల మీద ఓ పాతకాలం ఊరుంది. ఆ ఊళ్ళో రాతి చర్చి కింద ఒక సొరంగం. పట్టపగలు కూడా లోపల కన్ను పొడుచుకున్నా కనిపించదు. ఊరివాళ్ళు అందులో నోరు విప్పరు. ఎవర్నైనా పేరుపెట్టి పిలిచారో... పలుకుతారట. పలికేది మీరు పిలిచిన మనిషేనని మాత్రం ఎవరూ పూచీ పడరు.

నవ్వండి, నవ్వండి. మహీధర్ కూడా నవ్వాడు.

మహీధర్‌ది సింగపూర్లో మన బుకిట్ పంజాంగ్ పేటే. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. తొంభై తొమ్మిది చివర— రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ పడుకుంటాయని లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులు. కంపెనీవాళ్ళు అతన్ని అడిస్ అబాబాలో ఓ బ్యాంకు పని మీద పంపారు. తమాషా చూడండి, ఆ దేశపు క్యాలెండర్లో అప్పటికింకా తొంభై రెండే! అయినా మనవాడికి నిద్ర లేదు. ముద్ద కలుపుతూ కునుకు తీసేవాడు, కునుకులో కీబోర్డు కొట్టేవాడు.

ఆ అలసటకి తోడు ఇంకో దిగులు. కూతురు సరయు సింగపూర్లోనే పుట్టింది, ఏడేళ్ళది. తెలుగు అర్థమవుతుంది గానీ నోటంట ముక్క రాదు. "తిన్నావా అమ్మా?" అంటే, "ఈటెన్ ఆల్రెడీ, లా" అంటుంది సింగపూరు ఇంగ్లీషులో. అది లేవకముందు ఆఫీసుకెళ్ళి, అది పడుకున్నాక వచ్చే తండ్రి. దొరికే ఆ రెండు మాటలూ పరాయి మాటలే. కడుపున పుట్టిన పిల్ల చుట్టాలమ్మాయిలా అయిపోతోందని లోలోపల కుమిలిపోయేవాడు.

డిసెంబరు సెలవులకి భార్య శ్రీలేఖ పిల్లని తీసుకుని అడిస్ అబాబా వచ్చింది. హోటల్ గదిలో ఎంతకాలమని కూర్చుంటారు? ఓ ఆదివారం ముగ్గురూ ఆ కొండ ఊరికి వెళ్ళారు.

మన ఉండవల్లి గుహలు చూశారు కదా, అలాంటి రాతి పనే. కాకపోతే కొండని పైనుంచి కిందికి తొలుచుకుంటూ పోయి, గోతిలో నిలబెట్టారు చర్చిని. ఇటుక లేదు, సున్నం లేదు. తెల్ల శాలువా కప్పుకున్న ముసలి గైడు చెప్పులు విప్పించి అంతా తిప్పి, చివరికి సొరంగం నోటి దగ్గర ఆగాడు. గొంతు తగ్గించాడు.

"కుడిచెయ్యి గోడ మీద ఉంచండి. లైటు వెయ్యకూడదు. ఎవర్నీ పేరుతో పిలవకూడదు. ఏదన్నా పలికితే... దాన్ని ఇంటికి రమ్మనకూడదు."

"మా బామ్మా ఇంతే. చీకట్లో ఎవరు పిలిచినా పలక్కురా అనేది" అని నవ్వాడు మహీధర్.

"నా వల్ల కాదండీ బాబూ! నేను పైనుంచి చుట్టూ తిరిగొస్తా" అంది శ్రీలేఖ. గైడు ముందు, మహీధర్ వెనక, అతని చొక్కా అంచు పట్టుకుని సరయు... లోపలికి దిగారు.

చీకటి... మామూలు చీకటి కాదు. రాయి చల్లగా, తడిగా చేతికి తగులుతోంది. నేల ఎగుడుదిగుడు. గైడు అడుగుల చప్పుడు ముందు ఎక్కడో వినిపించి, తర్వాత అదీ ఆగిపోయింది. మహీధర్ బుర్రలో బ్యాంకు పనే తిరుగుతోంది. రాత్రి ఆగిపోయిన ప్రోగ్రాము, పొద్దున వినాల్సిన చీవాట్లు. అలా ఎంత దూరం నడిచాడో...

చొక్కా అంచు మీద బరువు లేదు!

గుండె గుభేల్మంది. తడిమాడు. గాలి. మళ్ళీ తడిమాడు. రాయి.

"సరయూ!"

గొంతు పెంచాడు.

"సరయూ... ఎక్కడున్నావమ్మా?"

"ఇక్కడున్నా నాన్నా."

చిన్న చెయ్యి వచ్చి అతని అరచేతిలో ఇమిడింది. చల్లగా ఉంది. ఉండదూ మరి, ఆ రాళ్ళ మధ్య!

నాన్నా అంది. డాడీ అనలేదు. బామ్మ హెచ్చరికా, గైడు హెచ్చరికా అన్నీ గాలికిపోయాయి. ఏడేళ్ళుగా మొహం వాచిపోయిన తండ్రండీ... అనుమానం ఎలా వస్తుంది? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"భయమేసిందా తల్లీ?"

"నువ్వున్నావుగా" అంది గుసగుసగా.

"ఇంటి దగ్గర కూడా ఇలాగే మాట్లాడతావా నాతో?"

ఆ చెయ్యి కొంచెం బిగిసింది.

"మాట్లాడతా. నన్ను తీసుకెళ్తావా మరి?"

"పిచ్చితల్లీ! నిన్ను తీసుకెళ్ళక ఇంకెవర్ని? పద, ఇంటికి పోదాం."

ఎదురుగా వెలుతురు కనిపించింది. అడుగు బయటపెట్టేసరికి అరచేయి ఖాళీ. అక్కడ రాతి మెట్టు మీద శ్రీలేఖ, పక్కన బిస్కెట్టు నములుతూ సరయు.

"డాడీ, వై సో లాంగ్ వన్? ఐ సో బోర్డ్!"

"నాలుగడుగులు కూడా వెయ్యకుండా భయపడి పరిగెత్తుకొచ్చేసిందండీ. చెప్పలేదా మీకు?" అంది శ్రీలేఖ.

మహీధర్ మెట్టు మీద కూలబడ్డాడు. గైడు అతని అరచేతి వంక చూసి, శాలువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

రెండువేలు వచ్చింది. ఏ కంప్యూటరూ పడుకోలేదు. ఇంటికొచ్చాక మహీధర్ తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. నిద్రలేని కళ్ళకి నిలబడ్డచోటే కల వచ్చింది, అంతే. పైగా ఇంట్లో ఓ వింత మొదలైంది. బ్యాంకు పని తీరింది కాబట్టి సాయంత్రమే వచ్చి సోఫాలో వాలి, "సరయూ, తిన్నావా?" అని కేకేస్తే, పిల్ల గదిలోంచి జవాబు—

"తిన్నా నాన్నా."

శ్రీలేఖ మురిసిపోయింది. "ఆ హోటల్లో నెల్లాళ్ళు నేను తప్ప మాట్లాడేవాళ్ళు లేరు కదండీ. అందుకే అబ్బింది" అంది. నిజమే అనిపించింది మహీధర్‌కి. గుండెల మీంచి బండ దింపినట్టయింది. రోజూ కేకెయ్యడం, ఆ తియ్యటి మాట వినడం, అలాగే నిద్రలోకి జారిపోవడం.

పిల్ల గదిలోంచి రావడం తగ్గించింది. ఎదురుపడితే పెదవి విప్పదు. అలిసిపోయినవాడికి అవన్నీ ఎక్కడ కనిపిస్తాయి చెప్పండి!

ఓ సాయంత్రం శ్రీలేఖ సరుకుల కోసం లిటిల్ ఇండియా బజారుకి వెళ్ళింది. మహీధర్ సోఫాలోంచి పిలిచాడు. "సరయూ, ఏం చేస్తున్నావమ్మా?"

"నీ కోసమే చూస్తున్నా నాన్నా."

ఇంత ముద్దుగా మాట్లాడే పిల్లని రోజూ ఇక్కణ్ణుంచి పలకరించడమేమిటని అతనికే సిగ్గేసింది. లేచి వెళ్ళి తలుపు తోశాడు.

సరయు మంచం మూల గోడకి అతుక్కుని కూర్చుంది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి.

"ఏమైంది తల్లీ?"

"డాడీ..." వెక్కింది. "దట్ వన్ నాట్ మీ. యూ కాల్ మీ, షీ ఆన్సర్ ఫస్ట్. ఎవ్రీ టైమ్. అండ్ యూ ఆల్సో నెవర్ కమ్ అండ్ సీ."

మహీధర్‌కి ఒళ్ళు చల్లబడింది. పరిగెత్తి పిల్లని గుండెకి అదుముకున్నాడు. వెచ్చగా, వణుకుతూ... ఇది తన పిల్ల. ఏ భాషలో ఏడ్చినా తన పిల్ల.

"సరయూ... నా సరయూ..." అన్నాడు ఏడుస్తూ.

హాల్లోంచి, ఇందాక తను లేచొచ్చిన సోఫాలోంచి, ఆ గొంతు—

"వస్తున్నా నాన్నా."