ఖాళీ అయిన చిరునామా

ఉదయం 11:26.

మందుల కోల్డ్ రూమ్‌లో మైనస్ ఇరవై డిగ్రీలు. లోపల టెక్నీషియన్. ఒంటి మీద పల్చటి చొక్కా. లోపలి హ్యాండిల్ విరిగిపోయింది. తలుపు కోసే మనుషులు రావడానికి ఇంకో నలభై నిమిషాలట.

బయట అతని అక్క. ఆ తలుపుకి ప్రోగ్రామ్ రాసింది ఆవిడే. తమ్ముడు కొడుతున్న చప్పుడు తగ్గిపోతుంటే ఆమె బయటి నుంచి తలుపు బాదుతోంది.

"స్టోర్‌కీపర్ పనే మేడమ్!" మేనేజర్ అప్పుడే వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టర్‌తో అన్నాడు. "ఇవాళే రిటైరయ్యాడు. లాగ్ చూడండి. ఈ తలుపు ఈయన కార్డు ఒక్కదానికే తెరుచుకుంటుంది, 11:04కి ఈయన పేరు మీదే తెరుచుకుంది."

"పదకొండుకే కార్డు ఇచ్చేశానమ్మా." స్టోర్‌కీపర్ అన్నాడు. "వాడు నన్ను బాబాయ్ అంటాడు. వాడికి కీడు తలపెడతానా?"

"ఆ కార్డు మళ్లీ పెట్టి చూశారా?" ఇన్‌స్పెక్టర్ అక్కని అడిగింది.

"సిస్టంలో తిరిగి చేర్చి మరీ పెట్టాను. తెరుచుకోవట్లేదు," అంది అక్క.

ఇన్‌స్పెక్టర్ కార్డ్ రీడర్‌ని తడిమింది. వేలికి ఆకుపచ్చ రంగు అంటింది. ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇక్కడ రంగేసిన పెయింటర్ ఏడీ?"

"టీకెళ్లాడు. వాడితో ఏం పని?" మేనేజర్ విసుక్కున్నాడు.

"అతనికి విజిటర్ కార్డు ఎప్పుడిచ్చారు?"

"11:02."

"అంతకుముందు సిస్టంలోంచి చెరిపింది ఎవరి కార్డు?"

అక్క రీడర్ వైపు తిరిగింది.

"బాబాయ్‌ది. నేనే చెరిపాను. అయ్యో, ఎంత పని చేశాను! తలుపు దగ్గర కార్డు నంబరు ఉండదు మేడమ్. మెమరీలో బాబాయ్ వివరాలున్న చోటు అడ్రసే ఉంటుంది. చెరపగానే ఆ చోటు ఖాళీ అయింది. తర్వాత వచ్చిన పెయింటర్ వివరాలు అందులో చేరాయి. బాబాయ్ వివరాలు తిరిగి చేర్చినా అవి వేరే చోటికి వెళ్లాయి, తలుపు మాత్రం ఇంకా ఆ పాత చోటికే వెళ్లి చూస్తోంది."

"లాగ్‌లో ఈయన పేరో?"

"అది ఆ చోటుకి మొదట్లో తగిలించిన పేరు. నేను మార్చలేదు."

"అయితే రంగేస్తుంటే పెయింటర్ మెడలో కార్డు రీడర్‌కి తగిలింది. తెరిచుంది కదా అని మీ తమ్ముడు లోపలికెళ్లాడు, వెనక తలుపు మూసుకుపోయింది."

అక్క అప్పటికే క్యాంటీన్ వైపు పరుగెత్తుతోంది.

11:33. పెయింటర్ టీ గ్లాసుతోనే వచ్చాడు. ఏమీ అర్థంకాక మెడలో కార్డు రీడర్‌కి ఆనించాడు.

తలుపు తెరుచుకుంది.

టెక్నీషియన్ తూలుతూ వచ్చి స్టోర్‌కీపర్ చేతుల్లో పడ్డాడు. ఆయన తన కోటు విప్పి అతనికి చుట్టాడు. మేనేజర్ తల దించుకున్నాడు.

అక్క ఏడుస్తూ తమ్ముడి చేతులు రుద్దింది. స్టోర్‌కీపర్ వైపు తలెత్తలేకపోయింది.

"క్షమించు బాబాయ్. నిన్ను చెరిపేసే ముందు, నీ మీద ఇంకా ఎవరు ఆధారపడి ఉన్నారో చూసుకోలేదు."